వలయంలో హంసిక తొలి ఏడాది

లైబ్రరీ నోటీసు బోర్డు మీద యోగా క్లాసుల కాగితానికి, తప్పిపోయిన పిల్లి ఫోటోకి మధ్య ఆ ప్రకటన ఉంది. "విక్కా, పేగనిజం: కొత్తవాళ్ళకి. ఆరు గురువారాలు. నోటుబుక్ తెచ్చుకోండి." హంసిక రెండుసార్లు చదివి, కింద వేలాడుతున్న జాబితాలో తన పేరు రాసేసింది. అప్పటికి ఆమెది నాలుగో పేరు.

ఆమెకు ఇరవై ఆరేళ్ళు. పుట్టి పెరిగింది మిషిగన్‌లోని ట్రాయ్‌లో. కార్లలో చప్పుళ్ళు కొలవడం ఉద్యోగం. హైవే మీద డెబ్బై మైళ్ళ వేగంలో అద్దం అంచున గాలి ఈల వేస్తోందంటే, అది ఏ సందులోంచి వస్తోందో మైకులు పెట్టి పట్టుకుని రిపోర్టు రాయాలి. రోజంతా వినడం, రాయడం. ఆ రెండు పనుల్లోనూ తనకు ఎదురులేదని ఆమెకు తెలుసు. అమ్మ సుమతి, నాన్న పద్మనాభం మెదక్ వైపు పల్లెల నుంచి ముప్పై ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చారు. హంసిక ఇంకా వాళ్ళతోనే, చిన్నప్పటి తన గదిలోనే ఉంటోంది.

దేవుళ్ళతో ఆమెకు తగువేమీ లేదు. గుడికి వెళ్ళేది, ప్రసాదం తినేది. ఇబ్బందల్లా ఒకటే. ఇంట్లో ఏ పూజ జరిగినా అయ్యగారు మంత్రం చదివేవారు, నాన్న నీళ్ళు వదిలేవాడు, అమ్మ పూలు వేసేది, హంసిక పళ్ళెం పట్టుకునేది. ఇది ఎందుకు, అది ఎందుకు అని అడిగితే "తర్వాత చెప్తా" అనేవాళ్ళు. కాలేజీలో ఉన్నప్పుడు ఒక వీడియో చూసింది. ఎవరో ఒకావిడ ఇంటి వెనక గడ్డిలో వలయం గీసుకుని, నాలుగు దిక్కులతో తన సొంత మాటల్లో మాట్లాడుతోంది. పక్కన పూజారి లేడు, పళ్ళెం పట్టుకునే మనిషీ లేదు. ఆ వీడియో హంసిక మనసులోంచి నాలుగేళ్ళయినా పోలేదు.

మొదటి గురువారం ఏడుగురు వచ్చారు. చెప్పే ఆవిడ పేరు లొరెయిన్. డెబ్బై ఒకటో ఏడు. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. మామూలుగా మాట్లాడినా చివరి వరుస దాకా వినిపించే గొంతు.

"ముందుగా ఒక మాట. ఇది వేల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా వచ్చిన మతమని ఎవరైనా చెబితే నమ్మకండి. ముక్కలు పాతవే. కుట్టింది మాత్రం మొన్నమొన్న. విక్కా వయసు కాస్త అటూ ఇటూగా నా వయసే. పేగన్ అంటే వీధి పేరనుకోండి. విక్కా ఆ వీధిలో ఒక ఇల్లు. మిగతా ఇళ్ళలో వేరేవాళ్ళు ఉంటారు. వాళ్ళ ఆచారాలు వాళ్ళవి."

ఆ నిజాయితీ హంసికకు నచ్చింది. క్లాసయ్యాక తను తెచ్చిన అట్టపెట్టె విప్పి చూపించింది. నల్లపిడి కత్తి, చిన్న ఇనుప కుండ, పదకొండు రకాల రంగురాళ్ళు, మఖమల్ గుడ్డ. అన్నీ ఆన్‌లైన్‌లో ఒకే రాత్రి ఆర్డర్ చేసినవి. లొరెయిన్ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ పెట్టెలో సర్దింది.

"బాగున్నాయి. అల్మరాలో పెట్టెయ్. నెల రోజులు రోజూ ఒకే చోట నిలబడి చంద్రుణ్ణి చూడు. కనిపించింది రాయి. కనిపించకపోతే కనిపించలేదని రాయి."

ఇంటి ముందు పోస్టు డబ్బా పక్కన, సాయంత్రం ఏడింటికి. హంసిక ల్యాబ్ రిపోర్టులాగే తేదీ, సమయం, మబ్బులు, దిక్కు అన్నీ రాసింది. పౌర్ణమి దాటాక చంద్రుడు ఆ వేళకు రావడం మానేశాడు. వరసగా "లేడు, లేడు" అని రాసింది. ఒకరోజు పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతూ తలెత్తితే పడమటి వైపు, పక్కింటి గరాజ్ కప్పు మీద తెల్లగా ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ వీధిలోనే ఉండి, పొద్దున చంద్రుడి వంక ఒక్కసారైనా చూడలేదని ఆమెకు అప్పుడు తట్టింది. కారు దిగి నోటుబుక్ తీసింది. ఆ రోజు మీటింగ్‌కి పది నిమిషాలు లేటు.

సొంతంగా మొదటి పూజ నవంబరు చివర్లో, పౌర్ణమి నాడు చేసింది. మొదటిసారి ఇంట్లో ఉన్నవాటితోనే చెయ్యమని లొరెయిన్ చెప్పింది. పొగ వెయ్యడానికి షాపుల్లో కట్టలు కట్టి అమ్మే తెల్ల సేజ్ ఆకు ఈ నేల ఆదివాసులదనీ, దాని జోలికి పోవద్దనీ, మీ ఇంటి వాసన ఏదో అదే వాడుకోమనీ అంది. హంసిక అమ్మ డబ్బాలోంచి సాంబ్రాణి తీసుకుంది. గదిలో చెక్క నేల మీద గళ్ళ ఉప్పుతో వలయం పోసింది. తూర్పున ఈక, దక్షిణాన కొవ్వొత్తి, పడమట నీళ్ళ గిన్నె, ఉత్తరాన రాయి. మధ్యలో వంటింటి కత్తి. నైవేద్యానికి పండు కావాలి. ఆ వేళకు వంటింట్లో దొరికింది నిమ్మకాయ ఒక్కటే.

తూర్పు నుంచి మొదలుపెట్టి ఒక్కో దిక్కు దగ్గర ఆగి, రాసుకున్న మాటలు చదివింది. మూడో దిక్కుకు వచ్చేసరికి గొంతు నిలకడగా వచ్చింది. కాగితం కింద పెట్టేసింది. నాలుగో దిక్కుకు చూడకుండానే చెప్పింది. ల్యాబ్‌లో, గోడలకు స్పాంజి కట్టిన గదిలో తలుపు మూయగానే తన ఊపిరి తనకు ఎలా వినిపిస్తుందో అలా వినిపించింది. చేతులు తన చేతుల్లా ఉన్నాయి. చేస్తున్న పని తనదిలా ఉంది.

అప్పుడు పొగ అలారం మోగింది.

మొదట పద్మనాభం తువ్వాలు ఊపుకుంటూ వచ్చాడు. "ఏంది బిడ్డా, ఇల్లు తగలబెడ్తున్నవా?" ఆయన వెనకే సుమతి వచ్చింది. నేల మీద ఉప్పు చూసింది. నిమ్మకాయ చూసింది. కత్తి చూసింది. తలుపు చట్రం పట్టుకుని నిలబడిపోయింది.

"ఎవరి మీద?" అంది.

"ఏంటమ్మా?"

"ఎవరి మీద చేస్తున్నవ్ ఇది?"

హంసికకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పద్మనాభానికి అర్థమైంది. తువ్వాలు భుజం మీద వేసుకుని, "అది కాదులే సుమతీ, నువ్వు కిందికి పద" అంటూ భార్య మోచెయ్యి పట్టుకున్నాడు.

ఐదు రోజులు సుమతి కూతురితో మాట్లాడలేదు. శనివారం పొద్దున వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, హంసిక కాఫీ కలుపుకోవడానికి వస్తే తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"మా పక్కింట్ల సాయవ్వ అని ఉండేది. మంత్రసాని. నేను పుట్టింది ఆమె చేతుల మీదనే. పిల్లలు లేరు, మొగడు లేడు. ఎవరికి దెబ్బ తగిలినా ఆకు పసరు పోసేది. మా ఊరి పెద్దాయన కొడుకు జరమొచ్చి సచ్చిపోయిండు. ఎవరో ఒకరు చెయ్యాలె కదా. సాయవ్వ బాణామతి చేసిందన్నరు."

"బాణామతి అంటే?"

"చేతబడి. మీ ఇంగ్లీషుల విచ్‌క్రాఫ్ట్." సుమతి చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "మా వాకిట్లనే, బండరాయి తీస్కొని ఆమె పండ్లు రాలగొట్టిన్రు. నోరు తిరగొద్దని. మళ్ళ మంత్రం చదవొద్దని. నాకు తొమ్మిదేండ్లు. మా నాయిన నన్ను లోపలికి గుంజిండు గని అప్పటికే చూసిన. తర్వాత ఆమె ఊళ్ళ లేదు. రెండేండ్లకు సచ్చిపోయిందని చెప్పిన్రు. ఏడ సచ్చిందో కూడ తెల్వదు."

హంసిక స్టవ్ ఆపేసింది.

"ఆ పేరు పెట్టి ఆడోళ్ళను కొట్టి చంపుతరు బిడ్డా. నువ్వు ఆ పేరు నీకు నువ్వే పెట్టుకుంటున్నవ్."

 హంసిక అమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తన తెలుగు ఎంత వస్తే అంతలోనే చెప్పింది. "అమ్మా, నేను ఎవరి మీద ఏమీ చెయ్యను. మాకు ఫస్ట్ రూల్ అదే. ఎవరికీ హాని వద్దు. నువ్వు ఎందుకు భయపడ్డావో ఇప్పుడు తెలిసింది. బట్ నేను ఇది వదలను. నీ దగ్గర ఏదీ దాచను కూడా. ఏం చేసినా నా రూమ్ డోర్ ఓపెన్‌గా పెట్టి చేస్తాను. నువ్వు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు."

"నేను చూడ."

"ఓకే. డోర్ మాత్రం ఓపెన్‌గానే ఉంటుంది."

అలాగే చేసింది. ప్రతి పౌర్ణమికీ తలుపు బార్లా తీసి, సాంబ్రాణి గిన్నె కిటికీ దగ్గర పెట్టుకుని వలయం పోసుకునేది. ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని సుమతి ఆ తలుపు ముందు నుంచి సూటిగా ముందుకు చూసుకుంటూ నడిచిపోయేది. మార్చిలో ఒకసారి మాత్రం ఆగింది. "ఆ ఉప్పు కాళ్ళల్ల పడుతది. అయిపోయినంక చాటల ఎత్తు" అని, మళ్ళీ నడిచిపోయింది.

ఆ ఏడాది హంసిక చాలా తప్పులు చేసింది. డిసెంబరులో, ఏడాదిలో అతి పొడుగు రాత్రికి చేసే పండుగకు లొరెయిన్ నడిపే బృందంతో కలిసి ఊరి పార్కుకు వెళ్ళి, ఉత్తర దిక్కును రెండుసార్లు పిలిచి పడమరను మరిచిపోయింది. ఎవరూ నవ్వలేదు. "పడమర అలిగి ఉంటుంది, వచ్చే నెల ముందు దాన్ని పలకరించు" అంది లొరెయిన్. ఆ బృందంలో పదకొండు మంది ఉన్నారు. నర్సు ఒకరు, గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కైల్, రిటైరైన దంపతులు, ఇంకా కొందరు. ఏడాదికి ఎనిమిది పండుగలు. చలిలోనైనా వానలోనైనా పార్కులో పిక్నిక్ షెడ్డు కిందే. చలికాలం సగం గడిచాక ఒకటి, రాత్రీ పగలూ సమానమైన రోజున ఒకటి, మే మొదట్లో పూలతో బెల్టేన్ అని ఒకటి. ఒక్కోటి వచ్చేసరికి హంసిక నోటుబుక్‌లో కొత్త పేజీలు నిండాయి. కాగితం చూసి చదవడం తగ్గింది.

ఏప్రిల్‌లో తెలుగువాళ్ళు తలా ఒక వంట తెచ్చుకుని కలిసే పాట్‌లక్‌లో శశికళ ఆంటీ ఆమె మెడలో విక్కా వాళ్ళు వేసుకునే ఐదు కోణాల నక్షత్రం చూసింది. సుమతికి పాతికేళ్ళ స్నేహితురాలు, గుంటూరు ఆవిడ. ప్లేటులో పులిహోర పెట్టుకుంటూనే అడిగింది.

"ఏమ్మా హంసికా, ఇదేదో కొత్త మతంలో చేరావంట కదా? మనకున్న దేవుళ్ళు చాల్లేదా?"

చుట్టూ ఉన్న నలుగురు ఆడవాళ్ళు ఇటు తిరిగారు. సుమతి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"దేవుళ్ళు చాలు ఆంటీ. నాకే పని చాల్లేదు," అంది హంసిక. "అక్కడ నేనే చెయ్యాలి. నేనే నేర్చుకోవాలి. తప్పు చేస్తే నేనే మళ్ళీ చెయ్యాలి. నాకు అది ఇష్టం."

 "చూడమ్మా, చదువుకున్నదానివి, నీకే తెలియాలి" అని శశికళ ఆంటీ పెరుగన్నం వైపు వెళ్ళిపోయింది.

ఇలాంటి ప్రశ్నే జూన్‌లో అటువైపు నుంచి వచ్చింది. ఏడాదిలో అతి పొడుగు పగటికి చేసే పండుగ ఎలా చెయ్యాలో మాట్లాడుకుంటుంటే కైల్ ఉత్సాహంగా, "హంసికా, నీది ఇండియా కదా. ఈసారి నువ్వు కాళిని పిలవచ్చుగా? నీకైతే అసలైన పద్ధతి తెలిసే ఉంటుంది" అన్నాడు. అతను మంచివాడు. గౌరవంతోనే అడిగాడు. మిగతావాళ్ళు ఆశగా ఆమె వైపు తిరిగారు.

"తెలియదు," అంది హంసిక. "మా అమ్మమ్మవాళ్ళ ఊళ్ళో అమ్మవారికి బోనం ఎత్తాలంటే ముందు ఇల్లంతా కడుగుతారు, కొత్త కుండ తెస్తారు, ఊరంతా కలిసి నడుస్తారు. పిలవడానికి ఒక పద్ధతి, సాగనంపడానికి ఒక పద్ధతి. నేను ఒకసారి చూశాను అంతే, నేర్చుకోలేదు. నాకు రానిది నేను చెయ్యను. శనివారం అరగంట ఖాళీ ఉంది కదా అని ఆమెను పిలవడం నాకు ఇష్టం లేదు."

కైల్ తల ఊపి, "సరే, అర్థమైంది" అన్నాడు.  అక్టోబరులో తన మోకాలి ఆపరేషన్ తేదీ ఖాయమైనప్పుడు లొరెయిన్ ఫోన్ చేసింది హంసికకే.

"సౌవిన్ నువ్వు నడపాలి."

సౌవిన్ అంటే అక్టోబరు చివర, పంట కాలం ముగిసి చలి మొదలయ్యే వేళ వచ్చే పండుగ. చనిపోయినవాళ్ళను పేరు పెట్టి తలుచుకునే రోజు. ఎనిమిదింటిలోకీ బరువైనది.

"నాకు ఏడాదే అయింది లొరెయిన్. కైల్ నాలుగేళ్ళ నుంచి ఉన్నాడు."

"నిజమే. నీకు రానిది రాదని నలుగురి ముందు చెప్పగలవు. నడిపేవాళ్ళకు ముందు కావాల్సింది అది. మిగతాది నేర్పించాను."

హంసిక సరే అంది. ఆ వారాంతం పార్కుకు వెళ్ళి షెడ్డు కింద గాలి ఎటు వీస్తుందో చూసింది. కొవ్వొత్తులకు గాజు సీసాలు సిద్ధం చేసింది. ముసలివాళ్ళు ఎక్కడ నిలబడాలో, ఎవరి తర్వాత ఎవరు పేరు చెప్పాలో రాసుకుంది.

దీపావళికి ముందు ఒక సాయంత్రం కూతురు ఆ పేర్ల జాబితా రాస్తుంటే సుమతి సోఫాలో ప్రమిదలకు వత్తులు చేస్తోంది.

"అమ్మా, చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతాం. తాతయ్య పేరు చదవచ్చా?"

"తాతకేం కొదువ? పెత్తరమాసకు ఆయన పేరు మీద బియ్యం ఇచ్చినం కద." వత్తి చేసే చెయ్యి ఆగింది. "మనోళ్ళకు మనం ఇస్తం. సాయవ్వకెవరిస్తరు?"

"నేను చదువుతాను."

"నువ్వెట్ల చదువుతవ్? నువ్వు ఆమెను చూసినవా?"

హంసిక జాబితాలో ఒక వరస ఖాళీగా వదిలింది. 

పండుగ జరిగే శనివారం సాయంత్రం హంసిక సామాను డిక్కీలో సర్ది వచ్చేసరికి, శాలువా కప్పుకుని, స్నీకర్స్ వేసుకుని సుమతి ముందు సీట్లో కూర్చుని ఉంది.

"పార్కు దాక వస్త. కార్లనే కూసుంట."

ఆరింటికి అందరూ చేరారు. రాలిన మేపుల్ ఆకులతో పిల్లలాట మైదానం పక్కన పెద్ద వలయం పేర్చారు. హంసిక కత్తి మొన నేల వైపు పెట్టి చుట్టూ నడిచి వలయం మూసింది. నాలుగు దిక్కులనూ పిలిచింది, పడమరను కూడా. గొంతు ఎక్కడా తడబడలేదు. తర్వాత పేర్లు మొదలయ్యాయి. కైల్ తన అన్న పేరు చెప్పాడు. నర్సు తన వార్డులో పోయిన ఒక ముసలాయన మొదటి పేరు మాత్రం చెప్పింది. రిటైరైన దంపతులు ఇద్దరూ కలిసి ఒకే పేరు చెప్పారు, వాళ్ళ కూతురిది.

పార్కింగ్ వైపు కారు తలుపు పడిన చప్పుడైంది. సొంత కారు తలుపు చప్పుడు హంసిక ఎక్కడున్నా గుర్తుపడుతుంది. సుమతి గడ్డి మీద నడిచి వచ్చి, ఆకుల గీత దగ్గర ఆగింది.

మూసిన వలయాన్ని ఎవరూ దాటి రాకూడదు, నడిపే మనిషే దారి తెరవాలి. హంసిక వెళ్ళి అమ్మ ఎదురుగా నిలబడింది. కత్తితో గాలిలో గుమ్మంలా ఒక గీత పైకి, ఒకటి అడ్డంగా, ఒకటి కిందికి గీసింది. సుమతి కళ్ళు కత్తి మీదే ఉన్నాయి. హంసిక దాన్ని వెనక్కి తిప్పి రెండో చెయ్యి చాచింది.

"రా అమ్మా."

సుమతి వంగి స్నీకర్స్ విప్పింది. చల్లటి నేల మీద మేజోళ్ళతో లోపలికి వచ్చింది. అందరూ ఆమె కోసం జరిగారు.

"ఆమె పేరు సాయవ్వ," అంది తెలుగులో, అందరి వైపూ తిరిగి. "మా పక్కింటామె. మా ఊళ్ళ సగం మందిని ఆమెనే పుట్టిచ్చింది. ఆమె ఏ తప్పు చెయ్యలే. చేసిందన్నోళ్ళు అబద్ధం చెప్పిన్రు. నేను చూసిన."

ఆ మాటలు హంసిక ఇంగ్లీషులో చెప్పింది.  చివరి రెండు మాటలు మళ్ళీ చెప్పింది. అందరూ కలిసి ఆ పేరు పలికారు. "సయావా."

సుమతి తల అడ్డంగా ఊపింది. "సాయవ్వ. వ్వ. వత్తి పలకాలె."

మళ్ళీ పలికారు. మూడోసారికి సరిగా వచ్చింది. అప్పుడు ఆమె కూతురి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని ఒక సీసాలో కొవ్వొత్తి వెలిగించింది.

 తిరిగి వచ్చేటప్పుడు మూడో సిగ్నల్ దగ్గర సుమతి, "పూజ మంచిగ నడిపినవ్" అంది. సిగ్నల్ మారాక, "ఆ పొడుగు పిలగాడు కొవ్వొత్తి గడ్డానికి ఆనిచ్చి పట్టుకున్నడు. అంటుకుంటది. చెప్పు వానికి" అంది.

సుమతి మళ్ళీ ఎప్పుడూ పార్కుకు రాలేదు. రమ్మని హంసిక అడగనూ లేదు. ఆ ఇంట్లో విచ్ అన్న మాట ఇప్పటికీ వినిపించదు. శశికళ ఆంటీ అడిగినప్పుడు సుమతి, "మా బిడ్డ కాలాలకు పూజ చేస్తది. మంచిగనే చేస్తది" అని చెప్పి మాట ముగించింది. ఆ చలికాలం, విక్కాలో కొత్తవాళ్ళకు ఉండే ఏడాది మీద ఒక రోజు చదువు హంసికకు పూర్తయిందని లొరెయిన్ చేతికర్ర మీద ఆనుకుని బృందం ముందు ప్రకటించింది. హంసిక తన ప్రమాణం తన సొంత మాటల్లో చేసింది. మరుసటి వారం నుంచి లైబ్రరీ గురువారాల్లో సగం ఆమె చెబుతోంది.

ఏప్రిల్‌లో ఆఫీస్ సిస్టమ్‌లో మే ఒకటో తారీఖుకు సెలవు పెట్టింది. కారణం అన్న చోట "బెల్టేన్" అని రాసింది. మేనేజర్ వినీత్ రాజమండ్రి నుంచి వచ్చినవాడు. ఆమె డెస్క్ దగ్గరికి వచ్చాడు.

"హంసికా, ఈ బెల్టేన్ ఏంటి? మెడికలా?"

"పండగ."

"ఓహో. అమ్మగారి వైపుదా, నాన్నగారి వైపుదా?"

"నాదే."

వినీత్, "సరే, అప్రూవ్ చేస్తాను. డోర్ సీల్ రిపోర్ట్ మాత్రం ముందే ఇచ్చి వెళ్ళు" అన్నాడు.

"నిన్ననే పంపాను వినీత్, మెయిల్ చూడండి" అంది హంసిక.